దొంతులగుట్ట: ఎవరి రాయి వాళ్లే తియ్యాలి

నెలకొక గుట్ట ఎక్కడం నాకు పట్టిన పిచ్చి అంటుంది మా అక్క. కరీంనగర్‌లో ఇరవై రెండేళ్లుగా నర్సు పని చేస్తున్నాను. వార్డులో రోజంతా తిరిగిన కాళ్లు సెలవు రోజైనా ఇంటిపట్టున పడుండాలి కదా, ఉండవు. పేరున్న గుట్టలన్నీ ఎప్పుడో అయిపోయాయి. మెట్లు కట్టి, రెయిలింగులు పెట్టి, కింద కొబ్బరికాయల దుకాణాలు వెలిసిన వాటిని ఎక్కినా నాకు ఎక్కినట్టు ఉండదు. మనుషులు లేని గుట్ట కావాలి నాకు. కావాలని కోరుకుంది దొరికాక ఎట్లా ఉంటుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

దొంతులగుట్ట సంగతి మా వార్డులో తుంటి విరిగి పడుకున్న ఒక పెద్దాయన చెప్పాడు. "పైకెక్కితె మానేరు మొత్తం కనవడ్తది సిస్టరమ్మా" అన్నాడు. తొవ్వ ఉన్నదా అంటే, మ్యాకలు పొయ్యే తొవ్వ ఉన్నదన్నాడు. నువ్వెన్నిసార్లు ఎక్కినవ్ అని అడిగితే మాత్రం మొహం గోడవైపు తిప్పుకున్నాడు. మందుల మత్తు అనుకుని మంచం దగ్గర్నుంచి లేచి వచ్చేశాను.

ఆటో ఆగిన చోట

చొప్పదండి దాటాక షేర్ ఆటో ఎక్కాను. ముప్పై రూపాయలు. ముగ్గురు కూర్చోవలసిన చోట అయిదుగురం, మా కాళ్ల మధ్య ఒక గంపలో రెండు కోళ్లు. పక్కనున్నామె నా షూస్ చూసి, సంచి చూసి, "ఎవలింటికి?" అని అడిగింది. ఎవరింటికీ కాదు, గుట్ట ఎక్కడానికి పోతున్నా అన్నాను. ఆమె ఇంకేం అడగలేదు. కరీంనగర్‌లో అయితే ఈపాటికి నా కులం, జీతం, పెళ్లెందుకు చేసుకోలేదో అన్నీ తేలేవి. ఇక్కడ ఆటో మొత్తం గప్‌చుప్ అయిపోయింది.

గుట్టకు కిలోమీటరు ముందే ఆటోవాలా బండి ఆపేశాడు. అవతలిదాకా రమ్మంటే, "టైర్లు పాడైతయక్కా" అన్నాడు. ముందున్నది నిన్నగాక మొన్న వేసిన తారు రోడ్డు. వాదించే ఓపిక లేక దిగి నడిచాను.

దూరంనుంచి చూస్తే ఆ పేరెందుకు వచ్చిందో ఇట్టే తెలుస్తుంది. ఎవరో ఇల్లు సర్దుతూ కుండ మీద కుండ పెట్టి మధ్యలో వదిలేసి పోయినట్టు, బండ మీద బండ, దాని మీద ఇంకో బండ. గాలి గట్టిగా వీస్తే పడిపోతాయేమో అన్నట్టు ఉంటాయి. మార్గశిరం ఎండ మెల్లగా దిగుతోంది. గుట్ట మీద పిట్ట కూత కూడా లేదు.

కొమురవ్వ హోటల్

గుట్ట కింద ఉన్నది ఒకే ఒక్క కొట్టు. నాలుగు గుంజలు, పైన నీలం కవరు, వెనక చిన్న పెంకుటిల్లు. రేకు మీద రంగుతో "కొమురవ్వ ఓదెలు హోటల్" అని రాసి ఉంది. చాయ్ పది రూపాయలు, మిర్చి బజ్జీలు నాలుగు ఇరవై. పొయ్యి దగ్గర కూర్చున్న కొమురవ్వకు యాభై అయిదేళ్లుంటాయి. పెద్ద బొట్టు, మెడలో పుస్తెలు, రెండు చేతులకూ ముంజేతి సగందాకా ఆకుపచ్చ మట్టిగాజులు. చాయ్ వడపోస్తుంటే ఆ గాజుల చప్పుడే గాని ఇంకో శబ్దం లేదు.

"ఒక్కదానివే వచ్చినవా చెల్లె?"

"ఒక్కదాన్నే అక్కా. ఎక్కి దిగి పోత."

"ఇయ్యాల వద్దు. పొద్దు గూకుతది. దీపాల యాల్లకు నీ రాయి బండ మీదనే ఉంటె ఊరోళ్లందరు డప్పులు వట్టుకొని నీకోసం తిరగాలె. రేపు పొద్దుగాల ఎక్కు. రాత్రికి ఈన్నే పండు."

రాయేమిటని అడిగితే చెప్పింది. గుట్ట మొదట్లో పేరుబండ అని ఒక పెద్ద బండ ఉంది. ఎక్కేవాళ్లు ఎవరైనా సరే, ఒక రాయి ఏరుకుని, దానికి తమ పేరు చెప్పి, ఆ బండ మీద పెట్టి పోవాలి. దిగొచ్చాక అదే రాయిని తీసి, తల తిప్పకుండా భుజం మీదుగా వెనక్కి విసరాలి. పొద్దుగూకేసరికి బండ మీద ఎన్ని రాళ్లుంటే అంతమంది ఇంకా గుట్ట మీద ఉన్నట్టు. తునికాకుకు పోయేవాళ్లు, సీతాఫలాలకు పోయేవాళ్లు, మేకలవాళ్లు, అందరిదీ ఇదే పద్ధతి. ఎవరి రాయి వాళ్లే తియ్యాలి, ఇంకొకరి రాయిని ముట్టుకోకూడదు.

బాగానే ఉంది, మా హాస్పిటల్ హాజరు పుస్తకం కంటే నయం అనుకున్నాను. మాట కలపడానికి బోర్డు వైపు చూపించి, "ఓదెలు అంటే మీ ఆయనా?" అన్నాను.

"గాయినె." మొగుడి పేరు తన నోటితో అనకుండా తల దించుకుని నవ్వింది.

"ఏడికి పోయిండు?"

"గుట్ట మీదికి."

"ఎప్పుడొస్తడు?"

"పోయి తొమ్మిదేండ్లాయె."

నా చేతిలో బజ్జీ ఉంది. దాన్ని తినాలో పక్కన పెట్టాలో తెలియలేదు.

తప్పిపోయిన మేకను వెతకడానికి పొద్దున్నే రాయి పెట్టి ఎక్కాడట. ఊరంతా వారం రోజులు వెతికింది. పోలీసులు వచ్చి పోయారు. చెప్పు గాని, కర్ర గాని, ఎముక గాని దొరకలేదు. గుడ్డెలుగు మీద పడిందన్నారు కొందరు, బండల నడుమ సందులో పడ్డాడన్నారు కొందరు. మరుదులు దినాలు చేద్దామని ఏటా అడుగుతారు, ఈమె ఒప్పుకోదు.

"రాయి అట్లనే ఉండంగ మనిషికి దినాలెట్ల జేస్తరు చెల్లె? రాయి ఉన్నన్నొద్దులు మనిషి గుట్ట మీదున్నట్టె. ఆ రాయి మీద ఎవలన్న చెయ్యేసిండ్రంటె నా పుస్తె తెంపినట్టె. మరుదులకు గదే చెప్పిన."

నాకు జాలి వేసింది, చిరాకూ వేసింది. మనిషి పోయిన సంగతి ఇంటివాళ్లకు చెప్పడం నా ఉద్యోగంలో భాగం. నాన్చకుండా, మొహంలోకి చూసి, ఒకే మాటలో చెప్పాలని కొత్త పిల్లలకు నేర్పేది కూడా నేనే. ఇక్కడ ఈమెకు తొమ్మిదేళ్లుగా ఆ ఒక్క మాట చెప్పినవాళ్లు లేరా అనుకున్నాను. కానీ ఆమె నాకోసం జొన్నరొట్టెలు కొడుతోంది. పుంటికూర, ఎర్రకారం, రొట్టె. మా ఇంట్లో రొట్టె అంటే ఆదివారం చర్చి నుంచి వచ్చాక చేసుకునే చపాతీయే, దీని ముందు అది అట్టముక్క. మూడు తిని పడుకున్నాను.

పేరుబండ

పొద్దున లేచేసరికి మంచు. గుట్ట ఎక్కడుందో కూడా కనబడటం లేదు. కొమురవ్వ నాతో పేరుబండ దాకా వచ్చింది. నడుము ఎత్తున, మంచమంత బండ, పాచి పట్టి నల్లగా ఉంది. ఎడమ అంచున ఒకే ఒక రాయి, పిడికెడంత, బూడిదరంగుది. ఎవరిదో చెప్పనక్కర్లేదు. బండకు వెనక, దిగొచ్చినవాళ్లు తరతరాలుగా విసిరిన రాళ్లు ఇంటి ఎత్తున కుప్పపడి ఉన్నాయి.

నేను కూడా అలాంటి రాయే ఏరుకున్నాను. అక్కడ ఉన్నవన్నీ అలాంటివే. నాదాని మూల ఒకటి విరిగి ఉంది. రాయికి పేరు చెప్పడానికి ముందు కొంచెం ఆలోచించాను. మా పాస్టరమ్మ చూస్తే ఏమంటుందో నాకు తెలుసు. చివరికి గొంతు తగ్గించి పేరు చెప్పి, ఓదెలు రాయికి దూరంగా, కుడి అంచున పెట్టాను.

"గదాన్ని మాత్రం ముట్టకు" అంది కొమురవ్వ ఇంకోసారి. "నేనే ముట్ట."

సరేనని చెప్పి ఎక్కడం మొదలుపెట్టాను.

దొంతుల నడుమ

మేకల తొవ్వ అని పెద్దాయన అన్నది నిజమే, మనుషులకైతే అది తొవ్వ కాదు. బండల సందుల్లోంచి పక్కకు తిరిగి దూరాలి. అరగంట ఎక్కానో లేదో కుడికాలి షూ అడుగు ఊడి నోరు తెరిచింది. కిందటేడు సేల్‌లో కొన్నది, ఏం చేస్తాం. సంచిలో బ్యాండేజీ చుట్ట ఉంటే కాలికి కట్టు కట్టినట్టే షూకు కట్టు కట్టాను. ఆ పని చేస్తూ కూర్చున్నప్పుడే బీడీ వాసన వచ్చింది.

ఎవరో మేకలాయన అయి ఉంటాడని సంతోషించాను. ఆ తర్వాత గుర్తొచ్చింది, బండ మీద ఉన్నవి రెండే రాళ్లు.

రాయి పెట్టకుండా ఎక్కేవాళ్లు కూడా ఉంటారులే అని నడిచాను. ఇంకొంచెం పైకి పోయాక దగ్గు వినబడింది. రెండుసార్లు, ఆగి ఇంకోసారి. పొడి దగ్గు. చివర్లో చిన్న ఈల. ఏళ్ల తరబడి బీడీలు తాగిన ఛాతీలోంచే అట్లా వస్తుంది, వార్డులో ఏ మంచం మీదినుంచి వచ్చిందో కళ్లు మూసుకుని చెప్పగలను నేను. కొండెంగలు కూడా ఒక్కోసారి దగ్గినట్టే అరుస్తాయి. కానీ కొండెంగ ఉంటే కొమ్మ కదలాలి, ఆకు రాలాలి. ఏదీ కదల్లేదు.

"ఎవలు?" అని పిలిచాను.

ఎందుకు పిలిచానో నాకే తెలియదు, "ఓదెలన్నా" అని కూడా పిలిచాను. నా గొంతు బండల మధ్య తిరిగి నాకే వచ్చింది. కాసేపటికి మళ్లీ దగ్గు. ఈసారి పైనుంచి. నాకంటే ముందు ఎక్కుతున్నట్టుగా.

అక్కడే తిరిగి దిగిపోతే నష్టమేం లేదు. కానీ నాకు మొండితనం ఎక్కువ. మనిషైతే కనబడతాడు, కాకపోతే ఏమీ ఉండదు, రెండిట్లో ఏదో తేల్చుకుని పోదామనుకున్నాను.

పైన

పైన మానేరు లేదు. మంచు తప్ప ఏమీ లేదు. గుట్ట నెత్తిన పెద్ద చదును బండ, దాని మధ్యలో ఎద్దంత గుండు ఒకటి. తొమ్మిది గంటలైనా ఎండ జాడ లేదు. బండంతా మంచుకు తడిసి మెరుస్తోంది. సంచిలోంచి కొమురవ్వ కట్టిచ్చిన రొట్టె తీసి ఒక ముక్క తుంచాను. గుండు అవతలినుంచి, పది అడుగుల దూరంలో, దగ్గు వచ్చింది.

రొట్టె అట్లాగే పట్టుకుని చుట్టూ తిరిగి వెళ్లాను. ఎవరూ లేరు. కానీ గుండుకు ఆనుకుని, తడిసిన బండ మీద ఒకచోట మాత్రం పొడిగా ఉంది. మనిషి గొంతుక్కూర్చుని ఇప్పుడే లేచిపోతే ఎంత మేర పొడిగా ఉంటుందో అంత మేర. నేను చూస్తుండగానే అంచుల నుంచి తడి దానిమీదికి పాకుతోంది.

ముట్టుకున్నాను. వెచ్చగా ఉందని చెప్పను. చుట్టూ ఉన్న బండంత చల్లగా మాత్రం లేదు.

నాకు భయం వేసింది. మార్చురీలో ఒంటరిగా పని చేసిన దాన్ని, అయినా చెప్తున్నాను. రొట్టె ఆ పొడిచోట పెట్టేశాను. ఎందుకు పెట్టానని అడగొద్దు. తర్వాత దిగడం కాదు, జారడమే. మోచేతులు గీరుకుపోయాయి, బ్యాండేజీ ఊడిపోయి షూ అడుగు టపటపా కొట్టుకుంటూ వచ్చింది. వెనక ఇంకో అడుగుల చప్పుడు ఉందా లేదా అన్నది నా షూ చప్పుడులో తేలలేదు.

మళ్లీ బండ దగ్గర

పేరుబండ మీద మేకలు ఉన్నాయి. అయిదారు మేకలు బండెక్కి, పాచి గీరుకుంటూ అటూ ఇటూ తొక్కుతున్నాయి. నన్ను చూసి దూకి పరుగెత్తాయి. నేను ఇంకేం చూడలేదు. నాది కుడి అంచున ఉందన్నది ఒక్కటే తలలో ఉంది. కుడి అంచున ఉన్న రాయి తీశాను. భుజం మీదుగా వెనక్కి విసిరాను. కుప్ప మీద పడిన చప్పుడు కూడా విన్నాను.

ఊపిరి ఆడాక బండవైపు చూస్తే ఇంకో రాయి ఉంది. మధ్యలో, పక్కకు ఒరిగి. దాని మూల విరిగి ఉంది.

ఎడమ అంచున, నల్లటి పాచి మధ్యలో, పిడికెడంత తెల్ల మచ్చ. తొమ్మిదేళ్లు ఒక రాయి కదలకుండా కూర్చున్న చోటు.

కుప్ప దగ్గరికి పరుగెత్తాను. వేల రాళ్లు, అన్నీ పిడికెడంత, అన్నీ బూడిదరంగు. వెనక్కి చూడకుండా విసిరాను కాబట్టి ఎటు పడిందో కూడా తెలియదు. నాలుగు తీశాను, పది తీశాను, ఏది అదో చెప్పడానికి ఒక్క గుర్తు లేదు. అప్పుడు పాడు ఆలోచన వచ్చింది. ఏదో ఒక రాయి తీసి ఆ మచ్చ మీద పెడితే ఎవరికి తెలుస్తుంది? తీశాను కూడా. మచ్చకు సరిపోయే రాయే. చేతిలో పట్టుకుని బండ దగ్గరికి రెండడుగులు వేశాను. ఒక మనిషి చావు బతుకుల గురించి దొంగలెక్క రాయడం నాకు చేతకాలేదు. దాన్ని కింద పడేశాను.

కొమురవ్వ వచ్చేసరికి నేను బండ దగ్గరే నిలబడి ఉన్నాను.

"అక్కా, తప్పు జేసిన. మ్యాకలు రాళ్లను జరిపినయి. నాదనుకొని మీ ఆయనది ఇసిరేసిన."

ఆమె బండ వైపు చూసింది. అరుస్తుందని, కొడుతుందని అనుకున్నాను. కొట్టినా పడేదాన్నే. ఆమె ఆ తెల్ల మచ్చ మీద వేలు పెట్టి చూసింది. తర్వాత అంది:

"ముందుగాల నీది తియ్యి."

తీసి విసిరాను. తొమ్మిదేళ్ల తర్వాత మొదటిసారి పేరుబండ ఖాళీ అయింది.

"పైన దగ్గు ఇనవడ్డదా?"

దగ్గు సంగతి నేను ఆమెకు చెప్పలేదు.

"ఎక్కినోళ్లందరికి ఇనవడ్తది" అంది నా మొహంలోకి చూస్తూ. "ఒక్కలు గూడ నాకు చెప్పరు. దిగొచ్చినోళ్ల మొకాలు జూస్తె నాకెరుకైతది. అందుకె గీడ హోటల్ వెట్టుకున్న. చెప్పు, ఇనవడ్డదా?"

అవునంటే, మొగుడు పైన ఉన్నాడు, కింద రాయి లేదు. ఆ మనిషి దిగడానికి ఉన్న ఒక్క ఆధారాన్నీ నేను పారేసినట్టు. లేదంటే, ఆమె తొమ్మిదేళ్లుగా కట్టుకున్నదంతా నా ఒక్క మాటతో కూలిపోతుంది. నిజం చెప్పాలని పిల్లలకు నేర్పే దాన్ని నేను.

ఇరవై రెండేళ్లు వార్డుల్లో తిరిగితే ఒక మొహం వస్తుంది. లోపల ఏమున్నా పైకి కనబడని మొహం. అది పెట్టుకున్నాను.

"ఏం ఇనవడలేదక్కా. గాలి గూడ లేదు."

నా కళ్లు చూసింది, నా నోరు చూసింది, గీరుకుపోయిన మోచేతులు కూడా చూసింది. నేను రెప్ప వేయలేదు.

"అయితె దిగిండు" అంది కొమురవ్వ.

"నేను తీసిన రాయి అక్కా. ఎవరి రాయి వాళ్లే తియ్యాలన్నవ్ గదా."

"నువ్వేడ తీసినవ్. గాయినె నీతోని తీయించుకుండు. ఇగ సాలనుకున్నడు."

సబ్బునీళ్లు

హోటల్‌కు తిరిగొచ్చాక చాయ్ పెట్టలేదు. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు, ఒక బట్టల సబ్బు తెచ్చి నా ముందు పెట్టి కూర్చుంది. రెండు చేతులూ చాపింది.

"నర్సువు గదా. జర నొప్పి గాకుంట తియ్యి. పొద్దుగూకితె ఊరంత ఎరుకైతది. తోటికోడండ్లొచ్చి బండకేసి పలగ్గొడ్తరు. గట్ల వద్దు నాకు."

ఆపరేషన్‌కు ముందు ఎంతమంది ఆడవాళ్ల చేతులనుంచి గాజులు తీసి ఉంటానో నాకే తెలియదు. బొటనవేలి ఎముకను లోపలికి మడవాలి, నురగ బాగా పట్టించాలి, ఒక్కో గాజును మెల్లగా తిప్పుతూ లాగాలి. ఆమె చేతులు పొయ్యి పనితో మోటుబారి ఉన్నాయి. మొదటి గాజు రావడానికి చాలాసేపు పట్టింది. ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చాను. గుట్టవైపు చెవి పోకుండా ఉండాలని ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను. మా అక్క సంగతి, కరీంనగర్‌లో ట్రాఫిక్ సంగతి, షూ సంగతి. ఆమె ఊ కొట్టింది. ఒక్క గాజు కూడా పగలలేదు.

పుస్తెల దగ్గరికి చెయ్యి పోతే పట్టుకుని ఆపింది. "గది ఇయ్యాల వద్దు చెల్లె. జర టైం ఇయ్యి."

గాజులన్నీ కొంగులో పోసుకుని లోపలికి పోయింది. ఆ మధ్యాహ్నం ఆమె మరిది ఇంటికి కబురు పంపింది, దినాలు పెట్టుకోమని. నేను బస్సెక్కి వచ్చేశాను.

ఆమెను ఆ గుట్ట కింద నుంచి బయటికి తీశానో, లేక ఇంకా పైనున్న మనిషిని ఒంటరిని చేశానో, వచ్చి నెలన్నరైనా తేల్చుకోలేకపోతున్నాను. ఒక్కోరోజు మంచి పనే అనిపిస్తుంది. ఒక్కోరోజు డ్యూటీలో ఎవరైనా ఆ రకంగా దగ్గితే చేతిలో ట్రే పట్టుకుని అక్కడే నిలబడిపోతున్నాను.

మీలో ఎవరికైనా వెళ్లాలనిపిస్తే వెళ్లిరండి. చలికాలమే మంచిది, షూస్ మాత్రం గట్టివి వేసుకోండి, కొమురవ్వ చేతి జొన్నరొట్టె తప్పకుండా తినండి. దిగొచ్చాక ఆమె అలవాటు కొద్దీ మీ మొహం చూస్తుంది. మీరు ముందు ఆమె చేతులు చూడండి. గాజులు లేకపోతే, పైన మీకు ఏం వినబడినా, ఏమీ వినబడలేదు.